ప్రెస్సు ఎక్కడ దొరికింది?

ముందుమాట రాయమని ఎవరైనా పుస్తకం పంపితే నేను మొదట చూసేవి బొమ్మల కింద రాసిన వివరాలు. చిత్రకళ మీద తెలుగులో వచ్చే పుస్తకాల్లో అవి రెండు ముక్కలతో సరిపెట్టేస్తారు, చిత్రం పేరూ ఏడాదీ. మలేషియా అచ్చుకళ మీద వచ్చిన ఈ పుస్తకం అలా సరిపెట్టలేదు. ప్రతి చిత్రం కిందా అది కొయ్యా, లినోలియమా, రాగిరేకా, జింకురేకా, స్క్రీనా అన్నది ఉంది. ఏ కాగితమో, ఏ గుడ్డో ఉంది. తెలిసిన చోటల్లా ఆ అచ్చు ఎక్కడ, ఏ ప్రెస్సు మీద తీశారో కూడా ఉంది. కవికి కలం ఎక్కడ దొరికిందని ఎవరూ అడగరు. ఎచింగ్ చేసేవాడికి ప్రెస్సు ఎక్కడ దొరికిందో తెలియకపోతే మాత్రం అతను ఎందుకు అంత తక్కువ చేశాడో, ఎందుకు మధ్యలో మానేసి రంగుల వైపు వెళ్ళిపోయాడో మనకు బోధపడదు.

ఈ రచయిత్రి నా దగ్గర ప్రింట్‌మేకింగ్ చదువుకుంది. చేతిలో మంచి పని ఉన్న పిల్ల. పెళ్ళయ్యాక కౌలాలంపూర్ వెళ్ళి అక్కడే స్థిరపడింది. అపార్ట్‌మెంటు పదో అంతస్తులో ఎచింగ్ ప్రెస్సు ఎవరు పెట్టనిస్తారు? యాసిడ్ తొట్టె మాట దేవుడెరుగు. పని చేసుకునే వీల్లేక ఇతరుల పని చూడ్డం మొదలుపెట్టింది. గ్యాలరీలు తిరిగింది, పాత కేటలాగులు పోగుచేసింది, స్టూడియోల్లో కూచుంది. తనకో ప్రెస్సు దొరికి ఉంటే ఈ పుస్తకం వచ్చేది కాదని నా అనుమానం. గురువుగా అందుకు బాధపడాలో, పాఠకుడిగా సంతోషించాలో తేల్చుకోలేకుండా ఉన్నాను.

మలేషియా అచ్చుకళ కథను మామూలుగా 1950ల దగ్గర ఎత్తుకుంటారు. రచయిత్రి ఇంకా వెనక్కి వెళ్ళింది. మలయ్ దర్బారుల్లో తెలెపుక్ అనే పనితనం ఉండేది. ముదురురంగు బట్టను గవ్వతో రుద్ది రుద్ది నిగనిగలాడేలా చేస్తారు. పూలూ ఆకులూ చెక్కిన చిన్న కొయ్య అచ్చులకు జిగురు పూసి బట్ట మీద అద్దుతారు. దాని మీద బంగారు రేకు పరిచి, ఆరాక మిగిలింది దులిపేస్తే జిగురంటిన చోట మాత్రం బంగారం నిలుస్తుంది. కెలంతన్‌లో 20వ శతాబ్దం తొలినాళ్ళలో బాతిక్ మొదలుపెట్టినవాళ్ళు ముందు పట్టుకున్నదీ కొయ్య అచ్చులనే. లోహపు అచ్చులు తర్వాత వచ్చాయి. పెడనలో టేకు దిమ్మల మీద అచ్చులు చెక్కేవాళ్ళను చూసినవారికి ఈ పేజీలు చదువుతుంటే చేతివేళ్ళు గుర్తుపడతాయి. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి రంగుబట్టలు సుమత్రాలోని ఆచేకూ, మలయ్ తీరపు కెడాకూ ఓడల్లో పోయేవన్నది చరిత్రలో ఉన్నదే. అలాగని తెలెపుక్ మన దగ్గర్నుంచే వెళ్ళిందని ఈ అమ్మాయి అనలేదు. ఏ దేశంలో ఏ కళ కనబడినా దాని వేరు మన ఊళ్ళోనే ఉందని చెప్పుకోవడం మనకు సరదా. ఆ సరదాకు లొంగనందుకు తనను ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను.

తెలెపుక్, బాతిక్ పనివాళ్ళు సంతకాలు పెట్టలేదు. కాగితం మీద ఒక మనిషి తన బొమ్మగా అచ్చు తీసి, తన పేరు పెట్టుకోవడమన్నది మలయాకు చైనా వార్తాపత్రికల దారిలో వచ్చింది. 1931లో షాంఘైలో చైనా రచయిత లూ షున్ చిన్న కొయ్యచెక్కడపు తరగతి పెట్టించాడు. పాఠం చెప్పింది ఒక జపానీయుడు, పక్కనుండి అనువదించింది లూ షున్. అక్కణ్ణుంచి పాకిన ఉద్యమం కొద్ది ఏళ్ళలోనే సింగపూర్‌, మలయాల్లోని చైనా భాష పత్రికల పేజీల్లోకి దిగింది. 1937లో చైనా మీద జపాన్ దండయాత్ర మొదలయ్యాక, విరాళాలు పోగుచేసే ఆ రోజుల్లో, నల్లటి గీతల కొయ్యఅచ్చులకు మంచి గిరాకీ ఉండేది. పలక, కత్తి, నల్లసిరా ఉంటే చాలు. కాగితం వీపున చెంచాతో రుద్దినా అచ్చు పడుతుంది. మరీ ఎక్కువ కావాలంటే పత్రిక ప్రెస్సే వాళ్ళ ప్రెస్సు. పెనాంగ్‌లో నీటిరంగులతో పేరు తెచ్చుకున్న యోంగ్ మున్ సెన్ కూడా కొయ్య మీద చెయ్యి వేశాడు. ఆయన పుట్టింది సారవాక్‌లో, పేరు పొందింది పెనాంగ్‌లో. మలేషియా చిత్రకళకు తండ్రి వంటివాడని అక్కడివాళ్ళు అంటారు. ఆ నీటిరంగుల్లో కనబడే మెత్తదనం కొయ్య అడగదు, ఇవ్వదు కూడా.

తర్వాత జరిగినదాన్ని రచయిత్రి నాలుగు పేరాల్లో చెప్పి వదిలేసింది. నాకైతే అక్కడే ఒక అధ్యాయం కావాలనిపించింది. 1948లో బ్రిటిష్‌వాళ్ళు మలయాలో ఎమర్జెన్సీ పెట్టారు. అది 1960 దాకా నడిచింది. కూలివాణ్ణీ, ఆకలినీ, సమ్మెనూ చెక్కే కళను ఎర్రగా ఉందేమోనని తిప్పి తిప్పి చూసే కాలమది. అయినా 1950లు, 60లలో ఆ పని ఆగలేదు. కానీ దాని గట్టి గూడు సింగపూర్‌లో ఉండిపోయింది. 1965లో సింగపూర్ మలేషియా నుంచి విడిపోయింది. మరుసటి ఏడాది లిమ్ యూ కువాన్, లిమ్ ము హ్యూ వంటి ఆరుగురు కలిసి అక్కడ పెట్టిన కొయ్యఅచ్చుల ప్రదర్శన ఈనాటికీ చెప్పుకునేది. గీత గీసి దేశాలు పంచుకున్నప్పుడు చెక్కేవాళ్ళలో ఎక్కువమంది ఒక పక్కన మిగిలిపోయారు. మలేషియాలో అచ్చుచిత్రం మళ్ళీ మొదట్నుంచి మొదలైనట్టు కనబడటానికి ఇదొక కారణమని నేననుకుంటాను. రచయిత్రి ఇంత గట్టిగా అనలేదు, పెద్దవాణ్ణి గనక నేనంటున్నాను.

1958లో కౌలాలంపూర్‌లో జాతీయ చిత్రశాల తెరిచారు. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. ఆ తర్వాతి పదేళ్ళలో ఎచింగ్, లితోగ్రఫీ నేర్చుకోవాలనుకున్న ప్రతివాడూ ఓడో విమానమో ఎక్కాల్సిందే. పెనాంగ్ కుర్రాడు లీ జూ ఫోర్ లండన్‌ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి తిరిగొచ్చాడు. ఒక చేత్తో ఎచింగ్‌లు, మరో చేత్తో ఇంగ్లీషు నాటకాలు. 1970లలో ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. లతీఫ్ మొహిదీన్‌ను అక్కడ చిత్రకారుడిగానూ కవిగానూ కొలుస్తారు. బెర్లిన్‌లో చదివిన ఆయన, 1969 ప్రాంతంలో పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఎచింగ్ పని పట్టాడు.

ఇక పారిస్ అధ్యాయం. ఈ అధ్యాయం చదువుతున్నప్పుడు పెన్సిలు పక్కన పెట్టి రెండుసార్లు చదివాను. 1960ల రెండో సగంలో మలేషియా నుంచి లాంగ్ థియెన్ షి, లూ ఫో సాంగ్ పారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడిపే అతెలియే 17లో పనిచేశారు. ఆ సమయంలో హేటర్‌తో పాటు ఆ కార్ఖానాను నడిపించిన మనిషి మనవాడు. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చి, మద్రాసు కళాక్షేత్రలో బొమ్మలు నేర్పి, లండన్ మీదుగా పారిస్ చేరి అక్కడే పాతికేళ్ళు ఉండిపోయినవాడు. ప్రపంచంలో ఏ మూల ఎచింగ్ ప్రెస్సు ఉన్నా ఆయన పేరు తెలిసినవాళ్ళుంటారు. చిత్తూరులో ఎంతమందికి తెలుసో నేను అడగను.

అక్కడ పట్టిన పద్ధతి ఏమిటో రచయిత్రి చక్కగా వివరించింది. నేను ఒక్క ముక్క కలుపుతాను. అంతకు ముందు రంగుల అచ్చు కావాలంటే రంగుకో రేకు. నాలుగు రంగులైతే నాలుగు రేకులు, నాలుగుసార్లు ప్రెస్సులోంచి కాగితం, ప్రతిసారీ అంచులు కలవాలన్న బెంగ. హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వెళ్ళిన కైకో మోతీ కలిసి తేల్చిన పద్ధతిలో ఒకటే రేకు. దాన్ని యాసిడ్‌తోనో పనిముట్లతోనో లోతులు లోతులుగా తొలుస్తారు. అడుగు గీతల్లో ఒక ఇంకు నింపి పైన తుడుస్తారు. గట్టి రోలర్‌తో నూనె ఎక్కువ కలిపిన పలచని ఇంకు ఒకటి పై మట్టానికి పట్టిస్తారు. తర్వాత మెత్తని రోలర్‌తో చిక్కని ఇంకు దొర్లిస్తే అది లోపలి మట్టాలకు దిగుతుంది, పలచని ఇంకున్న చోట మాత్రం అంటుకోదు. ప్రెస్సులోంచి ఒక్కసారి కాగితం బయటికొస్తే రంగులన్నీ వాటి వాటి చోట్ల ఉంటాయి. కృష్ణారెడ్డి మొదట శిల్పి. రేకును చిన్న లోయగా, గట్టుగా చూడగలిగిన చెయ్యి అది. 1963 నాటి ఆయన ‘సుడిగుండం’ చూస్తే చెప్పనక్కరలేదు. మలేషియా కుర్రాళ్ళు అక్కడ నేర్చింది ఈ కిటుకు ఒక్కటే కాదనీ, రేకు దగ్గర ఓపికగా కూచునే అలవాటనీ రచయిత్రి రాసింది. నాకూ అదే సరైన మాట అనిపించింది.

నేర్చుకున్నారు సరే, తిరిగొచ్చాక? పారిస్‌లో పదిమంది పంచుకునే ప్రెస్సు ఇంటి దగ్గర ఉండదు. ఇనుప బల్ల, రెండు బరువైన రోలర్లు, వాటి మధ్య ఉన్ని కంబళ్ళు, నాణ్యమైన నూలుకాగితం, అదీ దిగుమతి. పెనాంగ్ తేమ మన విశాఖ తేమకు ఏమాత్రం తీసిపోదు. ఎచింగ్ కాగితం ముందే తడిపి చుట్టిపెట్టాలి కదా, ఇంకో రెండు రోజులు మరిచిపోయారా, తెల్ల కాగితం మీద గోధుమరంగు బూజు చుక్కలు వచ్చి కూచుంటాయి. ఇంత కష్టపడి తీసిన అచ్చును కొనేవాడు ‘ఇంకా ఇరవై ప్రతులున్నాయట’ అని పెదవి విరుస్తాడు. పెన్సిలుతో కింద సంతకమూ సంఖ్యా ఉన్న ప్రతి ఒక్కటీ మూలచిత్రమే అని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. అక్కడివాళ్ళకూ పోయి ఉంటుంది.

అందుకే 1967 ముఖ్యమైన ఏడాది. ఆ సంవత్సరమే మారా సాంకేతిక సంస్థలో చిత్రకళ, డిజైన్ శాఖ మొదలైంది. ప్రైవేటు రంగంలో మలేషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్ కూడా అప్పుడే వచ్చింది. తర్వాత పెనాంగ్‌లో సైన్స్ విశ్వవిద్యాలయం చేరింది. ప్రెస్సు ప్రభుత్వ ఖర్చుతో గదిలోకి వచ్చింది. అచ్చుకళ పాఠ్యాంశమైంది. దీనివల్ల తరం తర్వాత తరం వచ్చింది. దీనివల్లే డిగ్రీ చేతికొచ్చిన మర్నాటి నుంచి పని మానేసినవాళ్ళూ వచ్చారు. మన విశ్వవిద్యాలయాల్లోనూ ఇదే వరస గనక నేను ఎక్కువ మాట్లాడను.

ప్రెస్సు అక్కరలేని దారులు వెతికినవాళ్ళ అధ్యాయం చురుగ్గా నడుస్తుంది. కెడా మనిషి ఇబ్రహీం హుస్సేన్ అచ్చైన కాగితాల మీది ఇంకునే తన చిత్రంలోకి దించుకుని, కొలాజ్‌తో కలిపి, ఆ పద్ధతికి ‘ప్రింటాజ్’ అని పేరు పెట్టుకున్నాడు. విమర్శకుడు, చిత్రకారుడు రెడ్జా పియదాస పాత ఫొటో స్టూడియోల్లో తీయించుకున్న కుటుంబాల బొమ్మలను స్క్రీన్ మీదుగా దించి, 1980లలో ‘మలేషియా వరుస’ చేశాడు. మలయ్ స్త్రీలు, అక్కడే తరాలుగా స్థిరపడ్డ బాబా చైనీయుల కుటుంబాలు, తమ తమ పండగబట్టల్లో కెమెరాను చూస్తూ నిలబడ్డవాళ్ళు. మనకు స్క్రీన్ ప్రింటింగ్ అంటే శుభలేఖల షాపు గుర్తొస్తుంది. ఆ షాపు పనితో ఒక దేశం తన మనుషులను ఎలా లెక్కపెట్టుకుంటుందో చూపించాడాయన. ఇవి అచ్చుచిత్రాలా, చిత్రాలా అని రచయిత్రి కొంచెం తర్కించింది. అవసరం లేదనిపించింది నాకు.

పోనిరిన్ అమీన్ దగ్గర పుస్తకం నిదానిస్తుంది, నిదానించాలి కూడా. వియత్నాం యుద్ధం ముగిశాక పడవల్లో పారిపోయి వచ్చినవాళ్ళకు 1978లో తెరెంగాను తీరాన పులావ్ బిడోంగ్ అనే చిన్న దీవిలో శిబిరం తెరిచారు. 4,500 మందికని అనుకున్న చోట 1979 నడిమికి 40,000 దాకా చేరారు. ఎవరు తీసుకుంటారు, ఎందరిని తీసుకుంటారు అని దేశాలు బేరాలాడుకుంటున్న రోజులు. 1980లో పోనిరిన్ చేసిన అచ్చు పేరు ‘అలిబి చతుర్ డి పులావ్ బిడోంగ్’. బిడోంగ్ దీవిలో చదరంగం పేరు చెప్పి తప్పించుకోవడమన్నమాట. కొయ్యఅచ్చుతో పాటు అల్లిన చాపను కూడా అచ్చుకొట్టి కలిపాడు. ఆలోచించండి, ఆ చాప ఏ మలయ్ ఇంట్లోనైనా అతిథికి పరిచేది. దాని అల్లిక మీదే పెద్దల చదరంగం. నినాదం ఒక్కటీ లేదు. అటువంటి విషయం చేతికొస్తే నా తరంవాళ్ళం ఎముకలూ కన్నీళ్ళూ పెట్టి కాగితం నింపేసేవాళ్ళం.

1970లలో మలేషియాలో స్థిరపడిన జర్మనీ కళాకారిణి ఇల్సె నూర్ గురించి రచయిత్రి గౌరవంగా చెప్పింది. పాత మలయ్ ఇళ్ళను, రాజభవనాలను ఎచింగ్‌లో పట్టిన చెయ్యి ఆమెది. కొయ్య ఇల్లు చెదలకూ, బుల్డోజరుకూ పోయాక రాగిరేకు మీద మిగిలేది ఏపాటి అన్న ప్రశ్న అక్కడ ఉంది. దాన్ని ఇంకాస్త తవ్వాల్సింది.

జుహారి సయీద్ అధ్యాయం ఈ పుస్తకానికి వెన్ను. 1961లో పెరాక్ రాష్ట్రం కౌలా కంగ్సార్‌లో పుట్టాడు, మారా సంస్థలో చదివాడు, జపాన్‌లో యోషిసుకె ఫునసాకా దగ్గర పనిచేశాడు. ఎన్నో ఏళ్ళుగా అచ్చుకళనే నమ్ముకుని బతికినవాడు. అక్కడ అది మామూలు సంగతి కాదు. చాలామంది అచ్చుతో మొదలుపెట్టి కాన్వాసులో తేలినవాళ్ళే. జపాన్ పద్ధతిలో ఇనుప ప్రెస్సు ఉండదు. కాగితం వీపున వెదురుపొర చుట్టిన బిళ్ళతో రుద్దడమే. ఎద్దు కావాలనుకున్న కప్ప మలయ్ సామెతల్లోనూ ఉంది, జుహారి దాన్ని తన అచ్చులోకి తెచ్చాడు. చిన్నప్పుడు మనమూ విన్న కథే గనక ఆ కప్ప ఏమవుతుందో మనకు తెలుసు. ఎవరిని చూసి చెక్కాడో మలేషియావాళ్ళకు చెప్పనక్కరలేకపోయింది. తర్వాత ‘ఒకిర్’ అనే వరుసలో ఇంకో అడుగు వేశాడు. అచ్చు తీయడానికి చెక్కే కొయ్యనే శిల్పంగా నిలబెట్టాడు. ప్రింట్‌మేకర్ల సభల్లో ఇలాంటి పనికి చాలామంది మొహం చిట్లిస్తారు. అచ్చు లేకుండా అచ్చుకళ ఏమిటని. ఏళ్ళ తరబడి దిమ్మను చెక్కి, పదిహేను కాగితాలు తీసి, దిమ్మను మూలకు నెట్టేసే మనం ఒక్కసారైనా దాని మొహం చూశామా అని నాకనిపించింది. రచయిత్రి పక్షమే నా పక్షం.

చివరి అధ్యాయం సబా రాష్ట్రానిది. కినబాలు పర్వతం కింద రనావు అనే ఊళ్ళో 2010లో కొందరు కుర్రాళ్ళు పంగ్రోక్ సులాప్ అనే బృందం కట్టారు. సగం పేరు పంక్ రాక్ సంగీతం, సగం పొలంలో వేసుకునే గుడిసె. ఇండోనేషియా పంక్ బృందం మార్జినల్ దగ్గర కొయ్యచెక్కడం పట్టుకున్నారు. కొనొద్దు, నువ్వే చేసుకో అన్నది వాళ్ళ మాట. వాళ్ళ పలకలు గది గోడంత ఉంటాయి. అంత పెద్ద ప్రెస్సు వాళ్ళకెక్కడ దొరుకుతుంది? ఇంకు పట్టించిన పలక మీద గుడ్డ పరిచి, పాట పెట్టి, పిల్లలతో సహా ఊరివాళ్ళంతా ఎక్కి తొక్కుతారు. బరువు సమంగా పడేదాకా నృత్యమే. ఆనకట్ట ముంపు భయంలో ఉన్న ఊళ్ళ పక్షాన కూడా ఇలాగే చెక్కారు. 2017లో కౌలాలంపూర్ ప్రదర్శనలో ‘సబా తానా ఆయిర్‌కు’ అనే వాళ్ళ భారీ అచ్చును, ఒక ఫిర్యాదు వచ్చాక, గోడ మీంచి దింపేశారు. నా మాతృభూమి సబా అని దాని పేరు. అందులో అడవి నరికినవాళ్ళూ లంచం తిన్నవాళ్ళూ ఉన్నారు. అచ్చు గనక ఒక ప్రతి దించితే ఇంకో ప్రతి తీయొచ్చు కదా అని రచయిత్రి ఉత్సాహపడింది. గోడ ఇవ్వనివాళ్ళ ఊళ్ళో ప్రతులు ఎన్నుండి ఏం చేస్తాం? మరుసటి ఏడాది వాళ్ళకు ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ ట్రియెన్నేల్‌లో గోడ దొరికింది. కౌలాలంపూర్‌లో దింపిన సంగతి దాంతో చెరిగిపోదు.

ఈ అధ్యాయాన్ని చివర పెట్టడం మీద నాకు అభ్యంతరం ఉంది. చివర పెడితే మిగతావన్నీ మెట్లై, ఇది శిఖరమైనట్టు కనబడుతుంది. 1930లలో పత్రికకు చెక్కినవాళ్ళ పక్కన రనావు పిల్లల్ని పెట్టి ఉంటే, మధ్యలో ప్రెస్సుల కాలం ఎలాంటిదో పాఠకుడే చూసుకునేవాడు. ఈ మాట ఫోన్‌లో చెప్పాను. ‘కాలక్రమం తప్పితే మీరే తిడతారు మాస్టారూ’ అంది. అదీ నిజమే.

ఇంకో రెండు కోరికలు. వచ్చే ముద్రణలో ప్రతి చిత్రానికీ అసలు కొలత సెంటీమీటర్లలో వేయించాలి. పుస్తకంలో అరచేతిలో పట్టే ఎచింగూ, గోడంత గుడ్డా ఒకే పరిమాణంలో కనబడుతున్నాయి. రెండోది ప్రచురణకర్తకు. కొయ్యఅచ్చులో నలుపు నల్లగా పడకపోతే ఆ పేజీ వేయకపోవడం మేలు.

చిత్రకళ విద్యార్థులు ఈ పుస్తకాన్ని పోనిరిన్ అధ్యాయంతో మొదలుపెట్టి చదివితే బాగుంటుంది. ఆ తర్వాత పారిస్. తెలెపుక్ ఎప్పుడైనా చదవొచ్చు. కృష్ణారెడ్డి దగ్గర్నుంచి మొదలుపెట్టి, లక్ష్మాగౌడ్ ఎచింగ్‌ల మీదుగా, దేవరాజ్ దాకోజీ దాకా మనవాళ్ళ అచ్చుకళ మీద ఇంత శ్రద్ధగా తెలుగులో ఒక పుస్తకం రావాలి. అది నువ్వే రాయాలని పట్టుబట్టాను. ‘ముందు దీన్ని నలుగురితో కొనిపించండి మాస్టారూ, తర్వాత చూద్దాం’ అంది. కనుక కొనండి.